యాభై కింద మాట లేదు

ముందే చెప్పేస్తున్నాను, నా గొంతు వినసొంపుగా ఉండదు. నర్సింగ్ స్కూల్లో క్రిస్మస్ పాటల బృందంలో చేరితే రెండో రోజే టీచరుగారు పక్కకి పిలిచి, "సువార్తా, నువ్వు కుర్చీలు సర్దమ్మా" అన్నారు. ఇరవయ్యారేళ్ల సర్వీసులో ఆ మోటు గొంతు నాకు తగువులు తప్ప ఇంకేమీ తెచ్చిపెట్టలేదు. అలాంటిది మొన్న మా ఆసుపత్రికి ఒక పెద్ద పురస్కారం వచ్చింది. అది నా గొంతు వల్లే వచ్చిందని నాకూ, ఇంకో నలుగురికీ తప్ప ఎవరికీ తెలీదు. తెలిస్తే పురస్కారమూ పోతుంది, నా ఉద్యోగమూ పోతుంది. అయినా చెప్పకుండా ఉండలేను.

నేను ఈ రేవు పట్నంలో పెద్దాసుపత్రి గుండె ఆపరేషన్ థియేటర్లో హెడ్ సిస్టర్ని. మా సర్జన్ డాక్టర్ చెంగల్వరాయుడు గారు గుండెని ఆపకుండా, అది కొట్టుకుంటూ ఉండగానే బైపాస్ చేస్తారు. గుండె ముందువైపు కుట్టడం పెద్ద కష్టం కాదు. వెనకవైపు కుట్టాలంటేనే గుండెని పైకెత్తి పక్కకి తిప్పాలి. చిక్కంతా అక్కడే. బతికున్న గుండె కదా, ఎత్తితే దానికి నచ్చదు. లోపలికి రావాల్సిన రక్తం సరిగ్గా రాదు, ప్రెషర్ గబగబా పడిపోతుంది. అప్పుడు వెంటనే దించెయ్యాలి. దాని చోట దాన్ని రెండు నిమిషాలు ఉండనిస్తే తేరుకుంటుంది, మళ్లీ ఎత్తుకోవచ్చు. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఎప్పుడు దించాలో తెలియాలి, అంతే.

అది తెలియడం ఎలా? డాక్టరుగారి కళ్లు వెంట్రుకంత దారం మీద ఉంటాయి, తలెత్తి మానిటర్ చూస్తే సూది తప్పుతుంది. మత్తు డాక్టర్ నస్రీన్ గారి చేతులు సిరంజిల మీద ఉంటాయి, ఆవిడ మాట మాస్కు దాటి బయటికి రాదు. మానిటర్‌కి అలారం ఉంది గానీ, అది వైరు కదిలినా మోగుతుంది, ఎవరి మోచెయ్యి తగిలినా మోగుతుంది, దాని మాట ఎవరు వింటారు? అందుకని తొమ్మిదేళ్లుగా మా థియేటర్లో ఒక పద్ధతి ఉంది. మానిటర్ పక్కన మైలపల్లి దానయ్య నిలబడి ప్రెషర్ అంకెని పైకి పిలుస్తాడు.

దానయ్య మా ఎమ్మెన్వో. అంటే స్ట్రెచర్ తోసే దగ్గర్నుంచి లైటు తిప్పేదాకా అన్ని పనులూ చేసే మనిషి. ఈ ఉద్యోగం రాకముందు రేవులో చేపల వేలం పాడేవాడు. ఆ గొంతు, ఆ సాగదీత అలాగే తెచ్చుకున్నాడు. "నూటపదీ... నూటయిదూ... తొంబయ్యెనిమిదీ..." అని తాపీగా పాడుతుంటే డాక్టరుగారు తాపీగా కుడతారు. అరవైకి దిగిందంటే మాత్రం పాట మారిపోతుంది. "అరవై, ఒకటోసారీ!" అంటాడు. ఇంకా పడితే "యాభయ్యారు, రెండోసారీ!" ఆ మాట పూర్తయ్యేలోపు గుండె కిందకి దిగిపోవాలి. తొమ్మిదేళ్లలో వాడి నోట మూడోసారి అన్న మాట ఎవరూ వినలేదు.

"రేవులో పైకి పాడీవోణ్ణి సిస్టరమ్మా, ఇక్కడ కిందకి పాడతన్నాను. అక్కడ మూడోసారంటే సరుకు ఎల్లిపోద్ది. ఇక్కడా అంతే" అన్నాడు ఒకసారి, టీ తాగుతూ.

ఇలా మా మానాన మేం బతుకుతూ ఉండగా ఆసుపత్రికి కొత్త పరికరం వచ్చింది. వంపు తిరిగిన కడ్డీ, దాని చివర రబ్బరు గిన్నె, గిన్నెలోంచి గాలి పీల్చే గొట్టం. ఆ గిన్నెని గుండె కొసన పెడితే గాలి పీల్చుకుని పట్టుకుంటుంది. ఇక గుండెని ఎటు కావాలంటే అటు ఎత్తి నిలబెట్టొచ్చు. దానికి పెద్ద పేరే ఉంది, మేం గిన్నె అనేవాళ్లం. అంతకుముందు తడిగుడ్డ మడత పెట్టి, చేత్తో ఆనించి నానా అవస్థా పడేవాళ్లం. "మంచి వస్తువే సిస్టర్. చెయ్యి ఖాళీ అయింది" అన్నారు డాక్టరుగారు. అయితే చెయ్యి ఎత్తినా గిన్నె ఎత్తినా గుండెకి ఒకటే, ప్రెషర్ పడుతుంది. చెయ్యయితే అలిసిపోయి తనే దింపేస్తుంది. గిన్నెకి అలుపు లేదు, ఎవరో ఒకరు చెబితే గానీ వదలదు. దానయ్య పిలిచేవాడు, దించేవాళ్లం, తేరుకునేది, మళ్లీ ఎత్తేవాళ్లం. గొడవ లేదు.

గొడవ నాణ్యతాధికారి రూపంలో వచ్చింది. ఆయన పేరు అనంతపద్మనాభం గారు. పట్టుపురుగుల పెంపకం చూసే చోటి నుంచి డెప్యుటేషన్ మీద వచ్చారు. చెడ్డమనిషి అని నేననను. పొద్దున్నే వచ్చేవారు, ఒక్క కాగితం కూడా చదవకుండా సంతకం పెట్టేవారు కాదు. ఆ చదవడమే మా కొంప ముంచింది. గిన్నెతోపాటు వచ్చిన పుస్తకంలో జాగ్రత్తలు రాసిన పేజీ ఒకటుంటుంది. దాన్ని చదివిన మొదటి మనిషి ఈయనే. మమ్మల్నందర్నీ నిలబెట్టి పైకి చదివి వినిపించారు.

"ఈ పరికరము వాడునపుడు రక్తపోటు తగ్గవచ్చును. గుండెపై కమిలిన మచ్చ ఏర్పడవచ్చును. పట్టు జారవచ్చును. నిరంతరము గమనించుచుండవలెను." కళ్లజోడు తీసి మా వంక చూశారు. "ఇన్ని ముప్పులున్న వస్తువుని ఏ నియంత్రణా లేకుండా వాడేస్తున్నారా?"

"గమనించడానికి దానయ్య ఉన్నాడండీ" అన్నాను.

"దానయ్య ఒక వ్యక్తి. నియంత్రణ అంటే ఒక ఫారం" అన్నారు.

ఫారం వచ్చింది. పదహారు గడులు. ఆపరేషన్లో ప్రెషర్ అరవైకి దిగిన ప్రతిసారీ దాన్ని 'ఘటన'గా నింపి పంపాలి. సరే, మా పని నిజాయితీగా చేశాం. మొదటి నెలలో పద్నాలుగు ఘటనలు పంపాం. పద్నాలుగు మందీ బాగుపడి నడుచుకుంటూ ఇంటికి వెళ్లారు. ఆ సంగతి రాయడానికి ఫారంలో గడి లేదు.

నెలాఖరున సమీక్షా సమావేశం. గోడ మీద గ్రాఫ్. గిన్నె రాకముందు ఘటనలు సున్నా, వచ్చాక పద్నాలుగు. గిన్నె రాకముందు ఫారమే లేదు కదా, సున్నా కాక ఇంకేముంటుంది? ఆ మాట అనబోతే డాక్టరుగారు నా కాలు తొక్కారు. ఆయనే లేచి మాట్లాడారు.

"అయ్యా, దాన్ని ఘటన అనకూడదండీ. ఎత్తితే పడుతుంది, దించితే లేస్తుంది. ఇల్లు ఊడిస్తే దుమ్ము లేచినట్టు. దుమ్ము లేచిందని చీపురు మీద కేసు పెడతామా?"

"డాక్టరుగారూ, మీరు వైద్యపరంగా మాట్లాడుతున్నారు. ఇది నాణ్యతా సమావేశం" అన్నారు పద్మనాభం గారు మర్యాదగానే. "మూలకారణ విశ్లేషణ చేద్దాం. పద్నాలుగు ఘటనల్లోనూ ఉమ్మడిగా ఉన్న అంశం ఏది?"

"గిన్నె" అన్నారు నస్రీన్ గారు మెల్లిగా.

"పరికరం కొత్తది, వారంటీలో ఉన్నది. కనుక అది కారణం కాజాలదు. పద్నాలుగు సందర్భాల్లోనూ దానయ్య అనే ఉద్యోగి అరిచాడు. అతను అరిచిన తరువాతనే ఘటన నమోదైంది. అతను అరవని సందర్భాల్లో ఒక్క ఘటన కూడా నమోదు కాలేదు. మీరే పంపిన కాగితాలివి."

ఇంత తెలివికి ఏం జవాబు చెప్పాలో ఎవరికీ తోచలేదు, ఆ మౌనాన్ని ఆయన ఏకగ్రీవ ఆమోదంగా రాసుకున్నారు. మూడో రోజుకి సర్క్యులర్ అంటించారు.

'ఇందుమూలముగా హృదయ శస్త్రచికిత్సా సిబ్బందికి తెలియజేయునదేమనగా, శస్త్రచికిత్స జరుగుచుండగా రక్తపోటును అంకెలలో బిగ్గరగా ప్రకటించుట భయోత్పాదకమనియు, ఘటనలకు హేతువగుచున్నదనియు నిర్ధారణ అయినందున, ఇకపై విధినిర్వహణలో ఉన్న ఏ ఉద్యోగియు అంకెలు ఉచ్చరించరాదు. మత్తు వైద్యులు దిగువ ఆమోదిత పదావళిని మంద్రస్వరమున వినియోగించవలెను.'

పదావళి ఇదీ. ఎనభై పైన ఉంటే 'సంతృప్తికరం'. డెబ్బైకీ ఎనభైకీ మధ్య 'సాధారణంగా సంతృప్తికరం'. అరవై నుంచి డెబ్బై దాకా 'పరిశీలనలో ఉన్నది'. అరవై కిందకి వస్తే 'తగు చర్య నిమిత్తము సంబంధిత వర్గముల దృష్టికి తీసుకొని రావడమైనది'. యాభై కింద ఏమనాలో లేదు. నస్రీన్ గారు వెళ్లి అడిగితే, "అటువంటి పరిస్థితి ఉత్పన్నం కారాదని లక్ష్యంగా పెట్టుకున్నాం. రారాని పరిస్థితికి పదం కేటాయిస్తే దాన్ని ఆహ్వానించినట్టవుతుంది" అన్నారట.

అలారం కూడా ఒక రకం ప్రకటనే గనక దాని నోరూ నొక్కేశారు. మాకు అరపూట శిక్షణ ఇచ్చారు. 'తగు చర్య నిమిత్తము' దగ్గర్నుంచి 'రావడమైనది' దాకా తడబడకుండా అనడం అందరిచేతా వల్లె వేయించారు. నేను వాచీ పెట్టుకుని చూశాను, ఏడు సెకన్లు పడుతుంది. దానయ్యని మానిటర్ దగ్గర నిలబడకుండా తలుపు దగ్గరికి మార్చారు. నోరు మూసుకుని నిలబడటం వాడికి చేతకాక, పెదాలు కదుపుతూ ఉండేవాడు.

రెండో నెల ఘటనలు సున్నా. మైసూర్‌పాక్ పంచారు. నేనూ తిన్నాను, అబద్ధం ఎందుకు.

మూడో నెలలో కుప్పిలి వరహాలమ్మ గారు వచ్చారు. హైస్కూల్లో లెక్కల టీచరు. ఆపరేషన్‌కి ముందు నాతో, "పరీక్ష పేపర్లు దిద్దాలమ్మా, పదిహేను రోజుల్లో వదిలేస్తారుగా" అని అడిగింది. గిన్నెతో గుండె ఎత్తాం. నస్రీన్ గారు "సంతృప్తికరం" అన్నారు. తర్వాత "పరిశీలనలో ఉన్నది" అన్నారు. తర్వాత "తగు చర్య నిమిత్తము సంబంధిత వర్గముల..." అంటూ ఉండగానే అంకె యాభై దాటి కిందకి పోయింది. ఆవిడ నోరు తెరిచే ఉంది, మాట లేదు. మౌనంగా ఉన్నారు గనక బాగానే ఉందనుకుని డాక్టరుగారు ఇంకో రెండు కుట్లు వేశారు. గుండె లయ తప్పి గిలగిలా వణికినప్పుడు గానీ ఎవరికీ తెలియలేదు. షాకులిచ్చి, గుండె పని చేసిపెట్టే మెషీన్ మీద పెట్టి, ఎలాగో బతికించాం. బతికింది గానీ కుడిచెయ్యి పడిపోయింది. సుద్దముక్క పట్టుకోలేదు. పేపర్లు ఇంకెవరో దిద్దారు.

ఆ నెల కూడా ఘటనలు సున్నా. ఎందుకంటే ఎవరూ అరవలేదు.

నస్రీన్ గారు చేతులు కడుక్కునే చోట నిలబడి ఏడ్చారు. "అంకె కనిపిస్తూనే ఉంది సిస్టర్. నోటి దాకా వచ్చింది. ఇంకొక్క మెమో వస్తే నా కాంట్రాక్టు పోతుందని మింగేశాను" అన్నారు. ఆవిడని ఏమని తిట్టను? నా ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద చూపించాలో తెలియక ఆ రోజు ఆయాల్నందర్నీ ఊరికే కేకలేశాను. తర్వాత క్షమించమని అడిగాను, అది వేరే సంగతి.

డాక్టరుగారు వరహాలమ్మ గారి కాగితాలన్నీ పట్టుకుని పద్మనాభం గారి గదికి వెళ్లారు. పావుగంటలో తిరిగొచ్చారు. "ఏమన్నారండీ?" అని అడిగాను. "చెయ్యి పడిపోవడం నరాల విభాగం కిందకి వస్తుందట" అన్నారు.

సరిగ్గా పదిరోజులకి దానయ్య స్ట్రెచర్ తోస్తూ తోస్తూ గోడకి ఆనుకుని కూలబడ్డాడు. గుండె రక్తనాళాలకి ఫోటో తీస్తే మూడు అడ్డంకులు. ఒకటి వెనకవైపు. అంటే గుండె ఎత్తక తప్పదు. అంటే గిన్నె.

నేను వార్డుకి వెళ్లి చాటుగా చెప్పాను. "ఒరేయ్ దానయ్యా, నా మాట విను. ఇంకో ఊరెళ్లు. కాగితాలు నేను రాయిస్తాను."

"ఏటి సిస్టరమ్మా మీరు కూడానూ! తొమ్మిదేళ్లు మీ సేతులు సూసినోణ్ణి. ఎవులో ముక్కూమొకం తెల్నోడి కాడికి ఎందుకెల్తాను?" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది. దుప్పటి అంచు వేళ్లతో నలుపుతూ, "ఒక్కటే అడుగుతాను. అందరి అంకెలూ నాను పిలిసీవోణ్ణి. నా అంకె ఎవులు పిలుత్తారు?" అన్నాడు.

వాడి దిండు సరిచేసి వచ్చేశాను. మెట్ల దగ్గర నిలబడి కళ్లు తుడుచుకున్నాను.

మంగళవారం పొద్దున్న పది గంటలకి ఆపరేషన్. అదృష్టం చూడండి, అదే రోజు 'ఘటనారహిత హృదయ పురస్కారం' ఇచ్చే వాళ్లు తనిఖీకి వచ్చారు. థియేటర్‌కి ఒకవైపు అద్దాల గది ఉంది. అందులో పద్మనాభం గారు, కోట్లు వేసుకున్న ఇద్దరు తనిఖీ పెద్దలు కూర్చున్నారు. లోపలి మాటలు వాళ్లకి ఒక చిన్న గరగరలాడే స్పీకరులోంచి వినిపిస్తాయి, రికార్డు కూడా అవుతాయి. లోపల మేం అయిదుగురం. డాక్టరుగారు, ఆయన అసిస్టెంటు, నస్రీన్ గారు, నేను, బల్ల మీద దానయ్య.

ముందువైపు రెండు కుట్టడం హాయిగా అయింది. గిన్నె పెట్టి గుండె ఎత్తారు.

"సంతృప్తికరం" అన్నారు నస్రీన్ గారు. మానిటర్ మీద తొంభైరెండు.

"సాధారణంగా సంతృప్తికరం." డెబ్బైనాలుగు.

"పరిశీలనలో ఉన్నది." అరవైమూడు. డాక్టరుగారి సూది సగం కుట్టులో ఉంది. తల ఎత్తకుండానే "ఎంత?" అన్నారు. నస్రీన్ గారు అద్దం వైపు చూశారు. "పరిశీలనలో ఉన్నది సార్" అన్నారు మళ్లీ.

అరవై. యాభైతొమ్మిది. తలుపు దగ్గర దానయ్య నిలబడే చోటు ఖాళీగా ఉంది. పెదాలు కదిపే మనిషి కూడా లేడు. "తగు చర్య నిమిత్తము..." అని ఆవిడ మొదలుపెట్టారు. ఏడు సెకన్లు. ఆ ఏడు సెకన్లలో వరహాలమ్మ గారి చెయ్యి పోయిందని నాకు తెలుసు.

అప్పుడు నా నోట్లోంచి గొంతు వచ్చేసింది. నా గొంతు కాదు, రేవు గొంతు.

"యాభయ్యెనిమిదీ! ఒకటోసారీ!"

అందరూ ఉలిక్కిపడ్డారు. నేను పరికరాల పళ్లెం మీద నుంచి తల ఎత్తకుండా, ఓరకంట మానిటర్ చూస్తున్నాను.

"యాభయ్యయిదూ! రెండోసారీ!"

డాక్టరుగారు సూది వదిలేసి గిన్నె గాలి తీసేశారు. గుండె తన చోట తను కూర్చుంది. నస్రీన్ గారు ఏడుస్తూనే మందు ఎక్కించారు. "యాభై మూడూ..." అని నేను సాగదీస్తున్నాను. మూడోసారి అనే మాట నాలుక మీద ఉంది. పళ్లు బిగించి పట్టుకున్నాను. యాభై మూడు అక్కడే ఆగింది. తర్వాత "యాభై ఏడూ... అరవయ్యారూ... ఎనభై ఒకటీ..." వెనక్కి తిరిగి నడిచొచ్చిన మనిషిని చూసినట్టయింది. మళ్లీ ఎత్తారు, మళ్లీ పిలిచాను, మళ్లీ దించారు. మూడు విడతల్లో వెనకవైపు కుట్టు పూర్తయింది. అద్దాల గదిలో పద్మనాభం గారు లేచి నిలబడి చేతులు ఊపుతున్నారు. ఆయనకి కనిపించేదల్లా నాలుగు మాస్కులు. మాస్కు వెనక ఏ నోరు కదిలిందో ఆ దేవుడికే తెలియాలి.

సాయంత్రం లోపల విచారణ మొదలైంది. మాలో ఒక్కొక్కరికీ ఒక కాగితం ఇచ్చారు. 'శస్త్రచికిత్సా సమయమున నేను ఏ అంకెనూ ఉచ్చరించలేదని ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను.' డాక్టరుగారు సంతకం పెట్టారు. అసిస్టెంటు పెట్టాడు. నస్రీన్ గారు పెట్టారు. వాళ్ల ముగ్గురిదీ నిజమే. చివరికి నేనూ పెట్టాను. ఆదివారం ప్రార్థనలో ఆ ఒక్క సంతకం గురించి ప్రభువుతో విడిగా మాట్లాడుకున్నాను.

రికార్డు ముప్పైసార్లు విన్నారట. "ఇది దానయ్య ధోరణే, సందేహం లేదు" అన్నారు పద్మనాభం గారు. "థియేటర్లో ఉన్నది అయిదుగురు. నలుగురు పిలవలేదని రాతపూర్వకంగా ధ్రువీకరించారు. ధ్రువీకరించని వ్యక్తి ఒక్కడే ఉన్నాడు."

"అతను మత్తులో ఉన్నాడండీ. రొమ్ము తెరిచి ఉంది. గొంతులో గొట్టం ఉంది" అన్నారు డాక్టరుగారు.

"అది అతని సంజాయిషీలో అతను చెప్పుకోవచ్చు" అన్నారు.

మెమో నిజంగానే వార్డుకి వచ్చింది. ఆరో రోజు, దానయ్య మంచం మీద కూర్చుని జావ తాగుతున్నాడు. 'తాము గత మంగళవారము నాడు శస్త్రచికిత్సా బల్లపై మత్తునందు ఉండి, నిషేధిత అంకెలను బిగ్గరగా ఉచ్చరించినందుకు తమపై ఏల చర్య తీసుకొనరాదో మూడు దినములలో తెలుపవలెను.' నేనే చదివి వినిపించాను. జావ గిన్నె పక్కన పెట్టి నా మొహంలోకి చూశాడు.

"ఒకటోసారి, రెండోసారి అని కూడా అన్నానా?" అని అడిగాడు.

"అన్నావు."

"మూడోసారి?"

"అనలేదు."

వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. అరచేత్తో రొమ్ము కుట్టు నొక్కి పట్టుకుని, "కాయితం తియ్యండి సిస్టరమ్మా. నాను సెప్తాను, రాయండి" అన్నాడు. వాడు చెప్పింది చెప్పినట్టే రాశాను.

'అయ్యా, పిలిచింది నేనే. మత్తులో ఉన్నమాట నిజం. ఎవరూ పిలవడం లేదు గనక నా అంకె నేనే పిలుచుకున్నాను. ఇట్లు, మైలపల్లి దానయ్య.'

ఈ సంజాయిషీ మీద కమిటీ రెండు రోజులు కూర్చుంది. నేను వాడి ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. సామాన్లు సర్దుకుని వెళ్లి నిజం ఒప్పేసుకుందామని కూడా అనుకున్నాను. కానీ పద్మనాభం గారు ప్రతి కాగితమూ చదివే మనిషని చెప్పానా? సర్క్యులర్‌ని ఇంకోసారి చదివారు. 'విధినిర్వహణలో ఉన్న ఏ ఉద్యోగియు' అని ఉంది. దానయ్య ఆ రోజు సెలవులో ఉన్నాడు. విధినిర్వహణలో లేడు. కాబట్టి ఉద్యోగిగా తప్పు చెయ్యలేదు. మరి రోగిగా చేశాడా? రోగుల హక్కుల పట్టిక తీశారు. తన ఆరోగ్యస్థితిని తెలుసుకునే హక్కు, తెలియజేసే హక్కు రోగికి ఉన్నాయి. పైగా పురస్కారం తనిఖీ పెద్దలిద్దరూ ముచ్చటపడిపోయారు. రోగి తన చికిత్సలో ఇంత చురుగ్గా పాల్గొనడం తాము ఇంకెక్కడా చూడలేదని రాశారు. పద్మనాభం గారికి ఒక్కసారిగా జ్ఞానోదయం అయింది.

కొత్త సర్క్యులర్ వచ్చింది. ఉద్యోగులు అంకెలు పిలవడం మీద నిషేధం యథాతథం. రోగి మాత్రం తన అంకె తానే పిలుచుకోవచ్చు. దానికొక అంగీకార పత్రం. 'శస్త్రచికిత్స జరుగుచుండగా నా రక్తపోటును నేనే స్వయముగా ప్రకటించుకొందును. మత్తు కారణమున నేను ప్రకటించని పక్షములో నా రక్తపోటు సంతృప్తికరముగా ఉన్నట్లే పరిగణించబడుటకు నాకు అభ్యంతరము లేదు.' దాని కింద సంతకం, లేదా వేలిముద్ర.

ఇప్పటికి ముప్పైయొక్క మంది సంతకం పెట్టారు. ముప్పైయొక్క మందీ మత్తులో ఉండి తమ అంకెలు తామే పిలుచుకున్నారు. అందరూ క్షేమం. ముసలాయన దగ్గు గొంతుతో పిలిచాడు, ఒక పెద్దావిడ సన్నగా దీర్ఘాలు తీస్తూ పిలిచింది, బ్యాంకు మేనేజరుగారు ఇంగ్లీషులో పిలిచారు. అన్నీ రికార్డులో ఉన్నాయి. 'రోగి భాగస్వామ్యం' కింద మొన్న పురస్కారం ఇచ్చారు. పద్మనాభం గారికి శాలువా కప్పారు. వేరే ఆసుపత్రుల వాళ్లు వచ్చి చూసి, మీ రోగులకి ఏం శిక్షణ ఇస్తున్నారని అడిగి రాసుకుని వెళుతున్నారు. వరహాలమ్మ గారు మాత్రం నెలకోసారి వస్తుంది, చెయ్యి చూపించుకోడానికి. ఇప్పుడిప్పుడే ఎడమచేత్తో రాయడం నేర్చుకుంటోంది. ఆవిడ ఎదురుపడితే నేను మెట్ల వైపు తిరిగి వెళ్లిపోతాను. ఆ మైసూర్‌పాక్ గుర్తొస్తుంది.

దానయ్య మళ్లీ డ్యూటీలో చేరాడు. ఉద్యోగి గనక వాడు నోరెత్తకూడదు. తలుపు దగ్గర నిలబడి, నా సాగదీత సరిగ్గా లేనప్పుడు మొహం చిట్లిస్తాడు. తర్వాత టీ దగ్గర, "అరవై కాడ అంత తొందర పడకండి సిస్టరమ్మా, ఊపిరి తీసుకోండి" అని తప్పులు దిద్దుతాడు.

ఈ రోజు పొద్దున్న గేదెల సన్యాసినాయుడు గారు బల్ల ఎక్కడానికి సిద్ధంగా ఉన్నారు. బెల్లం వండే మనిషి, పెద్ద చేతులు, పెద్ద ఒళ్లు. అంగీకార పత్రం చదివించుకుని, పెన్ను పట్టుకుని అయోమయంగా నా వంక చూశారు.

"మత్తులో ఉంటే నానెలా పిలుత్తానమ్మా?"

"అదంతా మేం చూసుకుంటాం బాబుగారూ. మీరు సంతకం పెట్టి, ఒక్కసారి 'అరవై, ఒకటోసారి' అని గట్టిగా అనండి."

"ఎందుకూ?"

"మీ గొంతు వినాలి."

ఆయన సిగ్గుపడుతూ అన్నారు. మందమైన గొంతు, చివర కొంచెం బొంగురు. పరవాలేదు, నాకు దగ్గరగానే ఉంది. "ఇప్పుడు రెండోసారి అనండి" అన్నాను. ఈసారి ధైర్యంగా అన్నారు, వరండా అంతా వినిపించింది. ఊపు వచ్చేసి, "మూడో..." అని నోరు తెరిచారు.

నేను ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. "అది వద్దు బాబుగారూ. అది మనం పిలవం."